ముసలి మొహం పసివాడు

మా అమ్మాయిది పాత చిత్రపటాల మసి తుడిచి బాగుచేసే ఉద్యోగం. ఏడో నెల వచ్చినా మానలేదు. ఒకరోజు అన్నం పట్టుకెళ్లి చూద్దును కదా, దాని ముందు వందల ఏళ్లనాటి విదేశీ పటం. అందులో తల్లి ఒళ్లో పసివాడు. వాడికి బట్టతల, నుదుటినిండా ముడతలు, పింఛను ఆగిపోయిన గుమాస్తా చూపు! నా గుండె గుభేలుమంది.

“కడుపుతో ఉన్నదానివి, పొద్దస్తమానం ఆ మొహమే చూస్తావా? బిడ్డకి ఆ పోలికే వస్తుంది. గోడకి తిప్పెయ్యి!”

“గోడకి తిప్పి ఎలా తుడవనమ్మా? ఆ రోజుల్లో పసిపిల్లల్ని అలాగే వేసేవాళ్లు.”

“వేసినవాడు జన్మలో పసిపిల్లని ఎత్తుకుని ఉండడు!”

ఇక పురుడు వచ్చేదాకా నాకు కంటిమీద కునుకు లేదు.

ఆస్పత్రిలో నర్సు మనవణ్ణి తెచ్చి నా చేతుల్లో పెట్టింది. బట్టతల, ముడతలు, అదే చూపు.

“నేను చెప్పలేదుటే! అచ్చం ఆ పటంలోవాడే!”

అమ్మాయి మంచం మీంచే తొంగిచూసి పకపకా నవ్వింది.

“వాడి పోలిక కాదమ్మా, నీ పోలిక! భూమ్మీద పడ్డాడో లేదో దిగులు మొదలెట్టాడు. ఆ బొమ్మ వేసినాయన తన బిడ్డనే చూసి వేసుంటాడు, ఆయనకి కూడా నీలాంటి అత్తగారే ఉండుంటుంది!”