ఆకుపచ్చ జవాబు

మూడోసారి కూడా తెర ఆకుపచ్చగానే వెలిగింది. దాని మీద పెద్ద అక్షరాలతో "సరే" అని ఉంది.

"చూశావా పిన్నీ? మూడు రోజులు, మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఒకే మాట. గైదాను మనోల్‌కి ఇచ్చేయమంటున్నాడు అన్నయ్య" అంది వీహ్రా.

పై అంతస్తులో ఉండే స్తమేనా పిన్ని చేతిలోని సూప్ గిన్నె బల్ల మీద పెట్టి, మంచం మీది జప్ర్యాన్ ముఖంలోకి వంగి చూసింది.

"నీ డబ్బా చెప్పేదొకటి, వీడి కళ్ళు చెప్పేదొకటి. ఏడుస్తున్నాడే!"

"ఏడవడా మరి? ఇరవై ఆరేళ్ళు ఊపిరి పోసిన వాయిద్యం. మూలన పడి చావకుండా ఎవరో ఒకరు వాయిస్తారన్న తృప్తి పిన్నీ అది."

గోడకు వేలాడుతున్న గైదా మేకతోలు తిత్తి అప్పటికే బిగుసుకోవడం మొదలుపెట్టింది. ఊదే మనిషి లేకపోతే తోలు ఎండుతుంది. ఎండిన తోలు పగులుతుంది. నిర్ణయం వాయిదా వేయడానికి వీల్లేనిది అందుకే.

నిరుడు అక్టోబరులో వచ్చిన పక్షవాతం జప్ర్యాన్ మాటను తీసుకుపోయింది. చేతులు, చివరికి కనురెప్పలు కూడా చెప్పిన మాట వినడం మానేశాయి. మెడలో మాత్రం గోరుమందం కదలిక మిగిలింది. అది మనిషి కంటికి ఆనదు, కెమెరాకు ఆనుతుంది. వీహ్రా పూనిక అంతా ఆ గోరుమందం నుంచే పుట్టింది.

ఆమె విదేశీ కంపెనీలకు వెబ్‌సైట్లు కట్టి బతుకుతుంది. తీరిక దొరికినప్పుడు సొంత సరదాకు మొదలుపెట్టినవి పదకొండు: తామంతా పుట్టిపెరిగిన స్మోల్యాన్ కొండల్లోని పక్షుల కూతల పటం, అమ్మమ్మ అల్లికల బొమ్మల పెట్టె, ఇంకా ఏవేవో. ఒక్కటీ సగం దాటలేదు. డిసెంబరులో తన వెబ్ పేజీలో "ఈ ఏటి లక్ష్యాలు" అన్న శీర్షిక కింద ఉన్నవన్నీ తుడిచేసి ఒకే వాక్యం రాసింది: "అన్నయ్యతో మాట్లాడాలి."

ప్రశ్న ఆమె అడుగుతుంది, కెమెరా అతని తలను చూస్తుంది. ఔనంటే ఆకుపచ్చ, కాదంటే ఎరుపు. తల కదలికను గుర్తుపట్టే భాగాన్ని సముద్రాల అవతల ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. దాన్ని తెచ్చి అతికించి, తన మీదే వందసార్లు పరీక్షించుకుంది. వందకు వంద సరిపోయాయి. తొమ్మిదేళ్ళుగా రోజుకు ఆరుగంటలు పరాయి దేశాలవాళ్ళతో తెర మీద మాట్లాడే మనిషి ఆమె. "నీ నవ్వు, నీ తలూపు, ఆఖరికి నీ తుమ్ము కూడా ఎగుమతి సరుకే" అని పిన్ని ఎకసెక్కాలాడేది.

జవాబులు కొన్ని వింతగానే వచ్చాయి.

"తెల్ల చిక్కుడుగింజల సూప్ తాగుతాడటా? సైన్యంలో రెండేళ్ళు అదే పెట్టారని ఆ వాసనకే ఆమడ దూరం పారిపోయేవాడు గదే!" అంది పిన్ని, గరిటె తిప్పుతూ.

"రోగం రుచుల్ని మారుస్తుందని డాక్టరే చెప్పారు."

"ఫిబ్రవరిలో కిటికీ తెరవమంటాడు. పొద్దస్తమానం రేడియోలో ఆ గెంతులాట పాటలు పెట్టమంటాడు. కసరత్తు చేయించే పిల్లను రావద్దంటాడు. మనిషే మారిపోయాడా తల్లీ?"

ఆ కసరత్తు మాట వీహ్రాకు గుచ్చుకుంది. కసరత్తు మాన్పించడం ఆమెకూ ఇష్టం లేదు. అయినా తెర ఎర్రగా వెలిగింది కాబట్టి మాన్పించింది.

"నీ ఇష్టమూ కాదు, నా ఇష్టమూ కాదు పిన్నీ. నాలుగు నెలలు వీణ్ణి ఎవరూ అడక్కుండానే బోర్లించారు, గడ్డం గీశారు, తినిపించారు. ఇకమీదట అన్నయ్య చెప్పిందే చెల్లుతుంది. అది నాకు నచ్చినా, నచ్చకపోయినా."

నాలుగింటికి మనోల్ వచ్చాడు. గైదా బృందంలో మొదటి వరస కోసం జప్ర్యాన్‌తో ఇరవై ఏళ్ళు పోటీపడ్డ మనిషి. బూట్లు గుమ్మం దగ్గరే విడిచి, మంచం పక్కన కూలబడ్డాడు.

"ఏరా గొడ్డూ! నా పెళ్ళినాడు కూడా దీన్ని ముట్టుకోనివ్వలేదు కదరా! సీసాడు రాకియా పోయించుకుని మరీ లేదన్నావు. ఇప్పుడెందుకురా ఇంత మంచితనం?"

జప్ర్యాన్ కళ్ళు గోడ మీంచి కదలలేదు.

"నిజంగా ఇమ్మన్నాడా అమ్మా?" అడిగాడు మనోల్, గొంతు తగ్గించి.

"మూడుసార్లు."

మనోల్ గైదాను దించి పసిబిడ్డను ఎత్తుకున్నట్టు చంకకెత్తుకున్నాడు. "ఇవాళే నూనె పట్టిస్తాను. వాడు గైదా నేర్పిన పిల్లలకే ఇస్తాను, నేను వాయించను. మాట." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇంతకీ ఆ పెట్టెకు అంత తెలివెక్కడిదమ్మా? ఒకసారి చూపించు, నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలకు చెప్పుకుంటాను."

పని పూర్తిచేసిన మనిషికి ఉండే గర్వం వీహ్రాకూ ఉంది. పన్నెండోది, మొట్టమొదటిసారి పూర్తయినది. ఆమె కెమెరాను మంచం మీంచి పిన్ని వైపు తిప్పింది.

"కాఫీ తాగుతావా పిన్నీ?"

"అడగాలా? పొద్దుట్నుంచీ ఎవరిస్తారా అని చూస్తున్నాను!" అంటూ స్తమేనా, ఆ స్మోల్యాన్ కొండల్లో పుట్టిపెరిగిన వాళ్ళందరూ ఒప్పుకునేటప్పుడు చేసినట్టే, తలను కుడికీ ఎడమకీ అడ్డంగా ఊపింది.

తెర ఎర్రగా వెలిగింది.