ఇరవై రెండున తిరుగు విమానం

“తిరుగు టికెట్ ఇరవై రెండో తారీకుకి తియ్యి,” అన్నాడు పెళ్ళికూతురి తండ్రి ఫోనులో.

అవతల ఆఫీసు గుమాస్తా నసిగాడు. “తిరుగు తేదీ ఇప్పుడే ఎందుకు సార్, ఖాళీగా ఉంచుదాం. ఒకవేళ మనవాళ్ళు గెలిస్తే...”

“గెలవరు.”

“మీరే అలా అంటే ఎలా సార్?”

“నేను కాక ఎవరంటారయ్యా? ఇరవై ఏళ్ళుగా మన జట్టు ఆట ఒక్కటీ వదల్లేదు. ఇరవై రెండుకే తియ్యి. కిటికీ పక్కన.”

ఫోను పెట్టేసి గోడ మీది కేలండర్ ముందు నిలబడ్డాడు. పరాయి దేశంలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు. దేశం జట్టు అంత దూరం రావడం ఇదే మొదటిసారి. అదీ, అర్హత పోటీ చివరి ఆటలో ఎదుటి జట్టులో సగం మంది జ్వరంతో పడుకోబట్టి. తొలి రౌండులో మూడు ఆటలు. చివరిది ఇరవై ఒకటిన.

ఇరవై అయిదున కూతురి పెళ్ళి.

పెళ్ళికొడుకు ఓడలో ఇంజనీరు. ఇరవై ఏడున ఓడ ఎక్కాడంటే మళ్ళీ ఏడాదికి గానీ నేల మీద కాలు పెట్టడు. కాబట్టి పెళ్ళి కదలదు. పోనీ పెళ్ళికూతురి తండ్రే ప్రయాణం మానుకుంటాడా అంటే, ఆ మాట ఎత్తే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. జట్టు మూడు ఆటలూ ఓడిపోయి బుద్ధిగా ఇంటికి రావాలి.

ఆ సాయంత్రం వియ్యంకుడు వచ్చాడు. ఆయన బడిలో లెక్కల మాస్టారు. కూర్చుంటూనే జేబులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

“బావగారూ, లెక్క వేసి చూశాను. ఒక గెలుపు, ఒక డ్రా. నాలుగు పాయింట్లు. రెండో రౌండు దాదాపు ఖాయం. ఆ ఆట ఇరవై ఆరున. పెళ్ళిలో మీ కుర్చీ ఖాళీ.”

“మీ లెక్క బాగానే ఉంది. కాకపోతే మీరు మన గోల్‌కీపర్‌ని చూడలేదు.”

“ఏం, మంచివాడు కాదా?”

“మరీ మంచివాడు. బంతి వస్తుంటే పెద్దమనిషి వస్తున్నట్టు పక్కకి జరిగి దారిస్తాడు.”

మాస్టారు కాగితం మీద ఏదో కొట్టేశాడు. “మరి గోల్సు వేసేవాడు?”

“ఒకడున్నాడు. బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని, ఇంటికి తాళం వేశానా లేదా అన్నట్టు ఆలోచనలో పడతాడు. తేరుకునేసరికి బంతి ఉండదు.”

టీ గ్లాసులు తెచ్చిన భార్య ఆ మాట విని ఆగింది. “మరి అలాంటివాళ్ళని అంత దూరం ఎందుకు పంపుతున్నట్టు?”

ఆయన గ్లాసులోకి చూశాడు. “ఉన్నవాళ్ళలో వాళ్ళే నయం.”

“వాళ్ళ సంగతి సరే. మీరు గొంతు జాగ్రత్త. పోయినసారి పక్క దేశం వెళ్ళి, అరిచి అరిచి వచ్చి, వారం రోజులు నాతో సైగలతో మాట్లాడారు. పెళ్ళికి వచ్చినవాళ్ళని కూడా సైగలతోనే పలకరిస్తారా?”

“అరవకుండా ఎలా ఉంటానే?”

“అరిస్తే ఒక్కడైనా వింటున్నాడా?”

“ఒక్కడూ వినడు,” ఒప్పుకున్నాడాయన.

మాస్టారికి ఇంకా నమ్మకం కుదరలేదు. “మూడూ ఓడిపోతారని మాటిస్తారా బావగారూ?”

“మాటేమిటి, రాసిస్తాను.” కాగితం లాక్కుని గబగబా రాశాడు. నాలుగు సున్నా. మూడు సున్నా. రెండు సున్నా.

“మూడోదాంట్లో రెండేనా?”

“అప్పటికి ఎదుటివాళ్ళకి మన మీద జాలి పుడుతుంది.”

మాస్టారు ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, తేలిక పడ్డ మనసుతో వెళ్ళిపోయాడు.

ప్రయాణం రోజు పొద్దున్న కూతురు పెట్టె సర్దింది. మేజోళ్ళు ఉండలు చుట్టి మూలల్లో కుక్కింది. గొంతు మాత్రలు పైన పెట్టింది. పెట్టె మూత వేయకుండా కాసేపు అలాగే కూర్చుంది.

“నాన్నా, నిజంగా ఒక్కటి కూడా గెలవరా?”

“ఎందుకమ్మా?”

“ఏం లేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మనవాళ్ళు ఓడటమే చూశాను. ఒక్కసారి గెలిస్తే ఎలా ఉంటుందో చూడాలని.”

ఆయన మంచం మీద కూతురి పక్కన కూర్చున్నాడు. “వాళ్ళు గెలిస్తే నేను పెళ్ళికి ఉండను. తెలుసుగా?”

“తెలుసు.”

“మరి ఏది కావాలో నువ్వే చెప్పు.”

ఆ పిల్ల ఒక మేజోడు ఉండ విప్పి మళ్ళీ చుట్టింది. “నువ్వు రా నాన్నా,” అంది చివరికి, ఏదో తప్పు చేసినట్టు తల దించుకుని.

“అయితే నిశ్చింతగా ఉండు. ఓడిపోతారు. ఆ పూచీ నాది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అప్పుడు పెట్టె మూత పడింది.

విమానాశ్రయంలో ఇసక వేస్తే రాలనంత జనం. జెండాలు, బూరలు, ముఖాలకు రంగులు. తండ్రి చెయ్యి వదలకుండా కూతురు తలుపు దాకా నడిచింది. అక్కడ కాపలా మనిషి ఆపితే, కళ్ళు తుడుచుకుని తల్లి పక్కన నిలబడింది.

ఆయన లోపలికి అడుగు పెట్టబోతుంటే టీవీ వాళ్ళు చుట్టుముట్టారు. ఒకమ్మాయి మైకు ఆయన మూతి దగ్గర పెట్టింది.

“సార్, మన జట్టు గురించి ఒక్క మాట.”

ఆయన గొంతు సవరించుకుని, వెనక వరుసగా నిలబడ్డ ఆటగాళ్ళ వైపు గర్వంగా చెయ్యి చూపించి, “ఈ జట్టుకి కోచ్‌గా దేశానికి మాటిస్తున్నాను, కప్పు లేకుండా తిరిగి రాం,” అన్నాడు.