మైకు సెట్టు యాకయ్య

వరంగల్లు సభలో కాల్పులు జరిగిన రెండు నిమిషాలకే, ప్రతి ఇంట్లో వార్తలు చూపే గోడ మీదా అక్కడ పట్టుబడిన యాకయ్య ముఖం వెలిగింది. దాని కింద తీర్పు కూడా వచ్చేసింది: "రైతు సంఘం కార్యకర్త. సంఘం పెట్టిన నలభై ఒక్క సభల్లో ఉన్నాడు." మూడో నిమిషానికి సంఘం ఆఫీసు ముందు జనం రాళ్లతో చేరారు.

గోడ చెప్పింది నిజమో కాదో చూసి, దాని మీద సరిచేసి రాసే మనుషులు జిల్లాకొకరే మిగిలారు. వరంగల్లుకు మా కోడలు ఇందుమతి. ఆమె వంటింట్లో కూర్చుని ఆ సభల ఫొటోలు తిప్పుతుంటే, చిక్కుడుకాయలు ఒలుస్తూ నేనూ చూశాను.

"గీయన కార్యకర్త కాదు బిడ్డా, మైకు సెట్టాయన. అందరు స్టేజీ దిక్కు చూస్తుంటే గీయన గుంజకు కట్టిన హారన్ దిక్కు చూస్తుండు. మైకులు పెట్టుకుంట మీ మామ ముప్పై ఏండ్లు గట్లనే చూసిండు," అన్నాను.

ఇందుమతి నవ్వింది కానీ రాయలేదు. టెంట్‌హౌస్‌కు ఫోన్ చేసింది. సంఘం అంటే పడని రెండు పార్టీల వాళ్లకూ చేసింది. తమ సభలకూ యాకయ్యదే మైకు అని వాళ్లూ చెప్పారు. అప్పుడు రాసింది: "కిరాయికి మైకులు పెట్టే మనిషి. సంఘంతో సంబంధానికి ఆధారం దొరకలేదు. కాల్చింది ఇతనేనా అన్నది ఇంకా తేలలేదు."

గోడల మీద రాత మారింది. జనం రాళ్లు కింద పడేసి ఇళ్లకు మళ్లారు.

"నేను చెప్పంగనే రాస్తే గంట కలిసొచ్చేది గదనే," అని దెప్పాను.

"నువ్వు చెప్పినవని రాస్తే, గోడకు నాకు ఏం తేడా అత్తమ్మా?"

ఆ సాయంత్రం వీధిలో కనబడ్డ ప్రతి మనిషికీ చెప్పుకున్నాను, అత్త మాటను కూడా ఊరికే నమ్మని కోడలు నాదని.