అసలు ఆట

ఆ రోజుల్లో ఏ ఇంటి టీవీ తెర ఆ ఇంటివాళ్ళకు నచ్చినట్టే ఆటను కల్పించి చూపించేది. జరిగింది జరిగినట్టు కావాలంటే 'అసలు ఆట' అని అడిగి పెట్టించుకోవాలి. అనంతపురంలో మస్తానమ్మ అలాగే పెట్టించుకుంది. కూతురు నజ్మా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడటానికి ఊరు దాటేముందు, ఎక్కడున్నా ఫోన్‌లోంచి దాన్ని మార్చనని తన నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు కూడా వేయించుకుంది.

"ఓడినా, దెబ్బ తగిలినా నాకు తెలియాలమే" అంది.

సీజన్ పొడుగునా తెర మీద నజ్మా గోల్ కొట్టినప్పుడల్లా మస్తానమ్మ ఓళిగలు చేసి వీధంతా పంచింది. చివరికి కప్పు కూడా వచ్చింది.

రెండు రోజులకు వాకిట్లో ఆటో ఆగింది. నజ్మా చంకలో కర్ర పెట్టుకుని దిగింది.

"ఏమైందే? మొన్న కప్పు ఎత్తుకోని ఎగురుతాంటివి గదా!"

"అది నేను కాదుమా. మూడో ఆటలోనే మోకాలు పోయింది. నువ్వు తట్టుకోలేవని ఆడినుంచే ఫోన్లో మన తెర మార్చినా."

మస్తానమ్మ చేతిలోని ఓళిగల పళ్ళెం కింద పెట్టేసింది. ప్రతి ఆదివారం ఫోన్లో "బలే కొట్టినావే" అని తను మురిసిపోతుంటే అవతల కూతురు నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

"ఆపరేషన్ నాడు నీ పక్కన ఎవరుండిరి?"

"ఎవరూ లేరుమా."

"నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తివి. నువ్వు ఆడ ఒక్కదానివే ఏడుస్తాంటే, ఈడ నాతో ఓళిగలు పంచిస్తివి గదమే!"