మెప్పులకు పోయిన ట్రౌట్

శరదృతువు వచ్చింది. కొండ మీది చల్లటి ఏటిలో చుక్కి అనే ట్రౌట్ చేప మూడు రోజులు తోకతో గులకరాళ్ళు తవ్వి, గుడ్లు పెట్టడానికి గుంట చేసుకుంది. కాపలా ఉండాల్సిన మొగుడు బంగారయ్య మాత్రం పెదవి చీరుకుని ఇంటికొచ్చాడు.

"మళ్ళీ గాలానికి తగులుకున్నావా?" అంది చుక్కి.

"ఇది ఎర్ర ఈగ. నిజమైందే అనుకున్నాను."

"మొన్న పసుపు, నిన్న నీలం. అన్నీ ఒడ్డున గాలం వేసే ఆ మనిషి ఈకలతో కట్టిన దొంగ ఈగలే కదయ్యా! ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

బంగారయ్య కాసేపు నసిగి అసలు సంగతి చెప్పాడు. "ఆయన నన్ను చంపడే. రెండు చేతుల్లోకి తీసుకుని, 'అబ్బ, ఎంత అందంగా ఉన్నావురా!' అని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాడు. నువ్వెప్పుడైనా అలా అన్నావా?"

చుక్కికి ఒళ్ళు మండింది. "నేను గుడ్లు పెట్టి రాళ్ళు కప్పేదాకా ఇక్కణ్ణించి కదలకు. తర్వాత నీ ఇష్టం," అంది.

సరేనన్నాడు. ఆమె గుడ్లు పెట్టింది. అంతలో నీటి మీద ఆకుపచ్చ ఈగ ఒకటి వాలింది. బంగారయ్య దూసుకుపోయాడు. కాపలా లేని గుంట మీద చిన్న పరిగె చేపలు గుంపుగా పడి, చుక్కి తరుముతున్నా వినకుండా సగం గుడ్లు మింగేశాయి.

బంగారయ్య వెలిగిపోతూ తిరిగొచ్చాడు. "ఇవాళ టేపు పెట్టి కొలిచాడే!"

చుక్కి మిగిలిన గుడ్ల మీద రాళ్ళు కప్పుతోంది. గుంట చూశాక అతని గొంతు తగ్గింది. "ఇప్పుడు నన్నెక్కడ ఉండమంటావు?"

"ఒడ్డు దగ్గరే ఉండు. పాపం, ఆయనకి గాలం దూరం విసిరి చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటుంది."