వరహాలమ్మ వంతు

చలికాలం వస్తే కోటిలింగానికి ఎడమకంటి వెనక మేకు దిగేసినట్టు తలపోటు. ఇప్పుడు నర్సులు దానికి ఇంటింటికీ పుట్టగొడుగు మాత్ర తెచ్చిస్తున్నారు. మింగినవాళ్ళు నాలుగు గంటలు ఈ లోకంలో ఉండరు. ఆ సేపూ ఇంట్లోవాళ్ళు పక్కనే కూర్చుని, వాళ్ళన్నదల్లా పుస్తకంలో రాయాలి.

భార్య వరహాలమ్మ రాస్తోంది. కోటిలింగం ఏడుస్తూ గ్రైండరును కావలించుకున్నాడు.

"ఇరవై ఏళ్ళు చాకిరీ చేయించుకున్నాను. ఒక్కనాడూ తిన్నావా అని అడగలేదు. క్షమించు తల్లీ."

తర్వాత చీపురుకు దండం పెట్టాడు. ఇస్త్రీపెట్టెను బుజ్జగించాడు. ఇక తన వంతేనని వరహాలమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. అతను నిద్రపోయాడు.

మర్నాడు నర్సు వచ్చి పుస్తకమంతా చదివింది.

"బాబాయికి నొప్పి తగ్గిందా పిన్నీ?"

"నొప్పి తగ్గిందమ్మా. మందే ఇంకా నా దాకా రాలేదు. ఇంకో మాత్ర ఇచ్చి వెళ్ళు."