కావేరి వెనక కాలు

గడ్డపార మొదటి దెబ్బ లాయం తలుపు గొళ్ళెం మీద పడింది. రెండోది గుర్రం డొక్కలో.

కావేరి ముందుకాళ్ళు పైకెత్తి లేచింది. గొలుసు తెగేలా గుంజుకుంది. దాని వెనక కుడికాలు కడుపుకు తగిలేదాకా ఎగిరి, గోడ పలకలను ఫెడీమని తన్నింది. ఒక పలక నిలువునా చీలిపోయింది.

"అదే కాలు! ఆ కాలుతోనే నా బిడ్డను చంపింది!"

ఆదినారాయణప్ప మళ్ళీ గడ్డపార ఎత్తాడు. కొడుకు నాగరాజ్‌కు మట్టి ఇచ్చి నేరుగా ఇక్కడికే వచ్చాడాయన. చేతులకు ఇంకా ఆ మట్టి ఉంది. వెనక మంచేనహళ్ళి జనం సగం ఉన్నారు. రేసుగుర్రాలకు పరుగు నేర్పే నాగరాజ్, ముందురోజు ఇదే లాయంలో, కావేరి తన్నుకు రొమ్ము ఎముకలు విరిగి చనిపోయాడు.

పశువుల డాక్టర్ శశికళ గుర్రానికీ గడ్డపారకూ నడుమ వచ్చి నిలబడింది.

"కొట్టాకండి. ముందు దాని కాలు చూడండి."

"తప్పుకో! నా కడుపు కాల్తాండాది. నీ కంట్లో ఒక్క చుక్కన్నా వచ్చిందా?"

జనంలోంచి ఒక రాయి వచ్చి ఆమె నుదుటికి తగిలింది. రక్తం కనుబొమ మీదుగా కారింది. ఆమె తుడుచుకోలేదు.

"అడుగడుక్కీ ఆ కాలు అట్లా ఎందుకు ఎగరేస్తాదో ఎవరన్నా చూసినారా?"

"దయ్యం పట్టుండాది దానికి," అన్నాడు గుర్రాలను చూసుకునే బైరప్ప. "ముందు బంగారం మాదిరి పరుగెత్తేది. ఇప్పుడు ఆ కాలు దగ్గరికి నన్ను గూడా రానీదు. మీరు డాక్టరు గదమ్మా, అప్పుడే వచ్చి చూసుండొచ్చు గదా?"

"నన్ను ఈ లాయం గడప తొక్కనిస్తే గదా!"

శశికళ కావేరి మెడ నిమురుతూ పక్కకు జరిగింది. గుర్రం ఒళ్ళంతా వణికింది. ఆమె వంగి, వెనక కాలి కీలు దగ్గర వెంట్రుకలు పక్కకు తీసింది.

నల్లగా, వేలెడేసి వాతలు. ఒకదాని పక్కన ఒకటి. కొన్ని మానాయి. ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది.

బైరప్ప రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"రేసు ఓడిపోయిందని కడ్డీ కాల్చి పెట్టినాడు నాగరాజ్," అంది శశికళ. "లోపల నరం బిగుసుకుపోయింది. అందుకే కాలు దానంతటదే ఎగుర్తాది. పరుగు చెడిందని మళ్ళీ కాల్చినాడు. కాల్చేకొద్దీ ఇంకా ఎగిరింది. నిన్న కూడా కడ్డీ పట్టుకొనే వెనకనుంచి వచ్చుంటాడు."

"అబద్ధం!"

గడ్డపార గాల్లోకి లేచి, ఆమె తలకు జానెడు దూరంలో ఆగింది. ఆదినారాయణప్ప మెడనరాలు ఉబ్బాయి.

"చచ్చినోని మీద నింద వేస్తాండావా? వాడే కాల్చినాడని నీకెట్ల తెలుసు? గుర్రం నోరు తెరిచి చెప్పిందా?"

శశికళ తన చుడీదార్ చేతులు రెండూ భుజాలదాకా పైకి లాగింది.

"ఈ వాతలు పెట్టిన చేతిని నేను గుర్తుపట్టలేనా, మామా?" అంది నాగరాజ్ భార్య.